తరావీహ్‌కూ సహరీకీ నడుమ: రంజాన్ రాత్రుల నిద్ర లెక్క

రంజాన్ మాసంలో మొదటి వారం గడిచేసరికి హైదరాబాద్ పాతబస్తీలోనే కాదు, కర్నూలు, కడప, గుంటూరు, నిజామాబాద్ వంటి ఊళ్ళ మసీదుల్లోనూ ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. మధ్యాహ్నపు జుహర్ నమాజు ముగిశాక కొందరు గోడకు ఆనుకొని ఖురాన్ తెరిచి కూర్చుంటారు. కాసేపటికి చూపు అక్షరాల మీదే ఉంటుంది గానీ పుట తిరగదు, తల ఒక పక్కకు వాలిపోతుంది. వారిని పలకరిస్తే ఆకలి గురించి గానీ దాహం గురించి గానీ చెప్పరు; నిద్ర చాలడం లేదంటారు. రంజాన్ గురించి మనం చదివే ఆరోగ్య సలహాల్లో తొంభై పాళ్ళు ఖర్జూరాలు, పండ్లు, నూనె వంటకాల చుట్టూనే తిరుగుతాయి. ఆరాధనలో మనసు నిలవకుండా చేసేది మాత్రం చాలామంది విషయంలో ఖాళీ కడుపు కాదు, కూడబలుకుకున్నట్టు రోజుకు ఇంత అని పేరుకుపోయే నిద్ర బాకీ.

ఆ బాకీకి కారణం ఏమిటని అడిగితే అందరూ ముందు సహరీ (ఉపవాసం మొదలయ్యే ముందు చేసే భోజనం) పేరే చెబుతారు. తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి కదా, నిద్ర ఎలా నిలుస్తుందన్నది వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే నిద్ర ఎలా ఏర్పడుతుందో, ఈ నెల రాత్రి ఎలా విడిపోతుందో లెక్కగట్టి చూస్తే నిందను సహరీ మీద వేయడం అన్యాయమని తేలుతుంది. నష్టం అంతకు ముందే, తరావీహ్ (రంజాన్‌లో ఇషా అనే రాత్రి నమాజు తర్వాత చేసే ప్రత్యేక నమాజు) ముగిసిన వేళకూ మనం నిజంగా పడక చేరే వేళకూ నడుమ జరిగిపోతోంది.

నిద్రను నడిపేవి రెండు శక్తులని జ్యూరిచ్‌కు చెందిన శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించారు. నేటికీ నిద్రశాస్త్రంలో ఆ నమూనాయే పునాదిగా ఉంది. మొదటిది నిద్ర ఒత్తిడి. మనం మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగుపడుతూ ఉంటుంది. అది పెరిగినకొద్దీ కళ్ళు మూతపడతాయి, నిద్రపోతే తరుగుతుంది. రెండోది శరీరంలోని గడియారం. మెదడు అడుగు భాగాన ఉండే ఒక చిన్న కణాల గుంపు కంటి ద్వారా వెలుగును గ్రహించి, దాన్నిబట్టి ఎప్పుడు ఒళ్ళు చల్లబడాలో, ఎప్పుడు మెలటోనిన్ ఊరాలో, ఎప్పుడు చురుకు రావాలో నిర్ణయిస్తుంది. ఈ రెండూ ఒకే వేళకు కలిసినప్పుడు నిద్ర ఇట్టే పడుతుంది, గాఢంగా సాగుతుంది. ఒకటి రమ్మంటూ మరొకటి పొమ్మంటే, పడుకున్నా నిద్ర పట్టదు, పట్టినా తెరిపి ఉండదు.

ఇక నిద్ర లోపలి అమరిక. సుమారు తొంభై నిమిషాలకొక ఆవృత్తంగా నిద్ర సాగుతుంది. రాత్రి తొలి భాగంలోని ఆవృత్తాల్లో గాఢనిద్ర ఎక్కువ; ఒంటి అలసట తీరేది ప్రధానంగా అక్కడే. తెల్లవారుజాము దగ్గరపడేకొద్దీ గాఢనిద్ర తగ్గి, కనుపాపలు వేగంగా కదిలే కలల నిద్ర, అంటే రెమ్ నిద్ర, పెరుగుతుంది. భావోద్వేగాలు సర్దుకోవడానికీ జ్ఞాపకాలు కుదురుకోవడానికీ ఈ రెండో రకం నిద్ర తోడ్పడుతుందని పరిశోధకులు భావిస్తున్నారు. సహరీకి లేచినప్పుడు కత్తెర పడేది ఈ చివరి భాగానికే. మొరాకోలోని కాసాబ్లాంకాలో జరిపి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనం నుంచి ఇటీవలి వరకు రంజాన్ నిద్రను కొలిచిన పరిశోధనలు చాలావరకు ఒక విషయంలో ఏకీభవిస్తున్నాయి: ఈ నెలలో మొత్తం నిద్ర కొంత తగ్గుతుంది, అందులోనూ కలల నిద్ర వాటా ఎక్కువగా తగ్గుతుంది. రెండో వారానికి ఇళ్ళలో చిన్న మాటకే చిరాకు ఎందుకు వస్తుందో ఇది కొంత వివరిస్తుంది. ఆ చిరాకును ఆకలి ఖాతాలో రాసేయడం మనకు అలవాటు.

ఆకలి ఖాతా అంత పెద్దదేమీ కాదని చూపిన పనీ ఒకటి ఉంది. రియాద్‌లోని కింగ్ సౌద్ విశ్వవిద్యాలయంలో నిద్ర వైద్య నిపుణుడు అహ్మద్ బాహమ్మామ్ చాలా ఏళ్ళుగా ఈ విషయం మీదనే పరిశోధన చేస్తున్నారు. పడుకునే వేళలనూ లేచే వేళలనూ అదుపులో ఉంచి కొలిచినప్పుడు, ఉపవాసం ఒక్కటే పగటి మగతను చెప్పుకోదగినంతగా పెంచలేదని ఆయన బృందం గమనించింది. అంటే మధ్యాహ్నం ఖురాన్ ముందు వాలిపోయే తలకు బాధ్యత ఉపవాసానిది కాదు, ఉపవాసం చుట్టూ మనం అల్లుకున్న రాత్రి జీవితానిది. సౌదీలో ఆ నెలంతా బజార్లూ పలకరింపులూ రాత్రికి మారిపోతాయి కాబట్టి ఆయన ఆ తేడాను దగ్గర నుంచి చూడగలిగారు. హైదరాబాద్ కూడా ఆ దారిలోనే ఉంది.

ఇప్పుడు మన ఊరి గడియారంతో ఒక లెక్క వేద్దాం. 2025 నుంచి 2027 వరకు రంజాన్ ప్రధానంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో పడుతోంది. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో సూర్యాస్తమయం సాయంత్రం 6 గంటల 20 నిమిషాల ప్రాంతంలో, ఉపవాసం మొదలయ్యే ఫజర్ నమాజు వేళ తెల్లవారుజామున 5 గంటల 10 నిమిషాలకూ 5 గంటల 30 నిమిషాలకూ నడుమ. చాలా మసీదుల్లో ఇషా, దాని వెంట ఇరవై రకాతుల (నమాజు విడతల) తరావీహ్ కలిపి ఎనిమిదింటికో ఎనిమిదింపావుకో మొదలై పది గంటలలోపు ముగుస్తాయి. ఇంటికి వచ్చి పదిన్నరకు పడుకొని నాలుగింపావుకు లేస్తే అయిదు గంటల నలభై అయిదు నిమిషాల నిద్ర, అంటే దాదాపు నాలుగు ఆవృత్తాలు. ఫజర్ తర్వాత ఆరింటి నుంచి ఏడింపావు వరకు ఇంకో కునుకు. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు. అన్నీ కూడితే ఏడు గంటలు దాటుతుంది. ఉద్యోగం చేసే మామూలు మనిషికి మామూలు నెలలో దొరికేదీ అంతే. అదే మనిషి తరావీహ్ తర్వాత బజారుకో కబుర్లకో వెళ్ళి ఒంటిగంటకు పడుకుంటే సహరీ వరకు మిగిలేది మూడుంపావు గంటలు. పదిన్నరకూ ఒంటిగంటకూ నడుమ పోయిన రెండున్నర గంటలను సహరీ ఖాతాలో రాయడమే నేను అన్యాయమన్నది.

ఫజర్ తర్వాతి కునుకు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దాన్ని బద్ధకంగా చూసేవారు ఉన్నారు. ఉదయపు వేళల్లో ప్రవక్త ముహమ్మద్ (స: ఆయనపై శాంతి కలుగుగాక) తన సమాజానికి శుభాన్ని కోరిన హదీసు (ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనం) ఉంది కాబట్టి, ఆ వేళ పడుకోకపోవడమే మేలని పెద్దలు చెబుతారు. వీలున్నవారికి అది నిజంగా మంచి సమయమే: కడుపులో సహరీ ఉంటుంది, ఒళ్ళు తేలికగా ఉంటుంది, ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. కానీ తెల్లవారుజామున కత్తెర పడ్డ కలల నిద్రను శరీర గడియారం ఆ గంటల్లోనే తేలిగ్గా తిరిగి ఇస్తుంది. ఫజర్ తర్వాత పడుకున్నప్పుడు అంతులేని కలలు రావడం అందుకే. పదిన్నరకే పడుకోగలిగినవారు ఫజర్ తర్వాత మేలుకొని చదువుకోవచ్చు. పగలంతా బండి నడిపేవారో యంత్రాల మీద పనిచేసేవారో ఆ గంటంపావును వదులుకోకపోవడమే మంచిది. అయితే తొమ్మిది, పది గంటల వరకు సాగదీస్తే వేరే చిక్కు: ఉదయపు వెలుగు కంటికి తగలకపోవడంతో గడియారం వెనక్కి జరిగి, ఆ రాత్రి నిద్ర ఇంకా ఆలస్యంగా పడుతుంది.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది శాస్త్రం చెప్పిన లెక్క కాదు, ధర్మ సంప్రదాయంలో ముందే ఉన్న లెక్క. ఖురాన్ ఇరవై నాలుగో సూరా (అధ్యాయం) అయిన అన్నూర్‌లో యాభై ఎనిమిదో ఆయత్ (వాక్యం) ఇంట్లోని సేవకులూ పిల్లలూ పెద్దల గదిలోకి అనుమతి అడిగి వెళ్ళవలసిన మూడు ఏకాంత వేళలను పేర్కొంటుంది: ఫజర్‌కు ముందు, మధ్యాహ్నం పైబట్టలు తీసి విశ్రమించే వేళ, ఇషా తర్వాత. చెప్పింది మర్యాద గురించే అయినా, ఇషా తర్వాత పడక, మధ్యాహ్నం విశ్రాంతి అన్నవి ఆనాటి ఇంటి సహజ క్రమమని అందులోనే తెలిసిపోతుంది. ఇషాకు ముందు నిద్రనూ, ఇషా తర్వాత కబుర్లనూ ప్రవక్త ముహమ్మద్ (స) ఇష్టపడేవారు కాదని బుఖారీ అనే హదీసు సంకలనంలో ఉంది. మన ప్రస్తుత అలవాటు ఈ రెండింటికీ సరిగ్గా తలకిందులుగా ఉంది: ఇఫ్తార్ భుక్తాయాసంతో ఇషా ముందు కునికిపాట్లు, ఇషా తర్వాత కబుర్లు.

ఇంకా సూటిగా ఉన్నది దావూద్ ప్రవక్త (అ) రాత్రి గురించిన హదీసు. అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన రాత్రి నమాజు దావూద్‌ది. ఆయన సగం రాత్రి నిద్రపోయేవారు, మూడో వంతు నమాజులో నిలబడేవారు, ఆరో వంతు మళ్ళీ నిద్రపోయేవారు. సూర్యాస్తమయం నుంచి ఫజర్ దాకా రాత్రిని సుమారు పదకొండు గంటలనుకుంటే, సగం అయిదున్నర గంటలు, మూడో వంతు మూడు గంటల నలభై నిమిషాలు, ఆరో వంతు గంటా యాభై నిమిషాలు. జాగరణల్లోకెల్లా శ్రేష్ఠమని కొనియాడిన రాత్రిలోనూ నిద్ర ఏడు గంటల ఇరవై నిమిషాలు ఉంది! మగ్రిబ్ (సూర్యాస్తమయపు నమాజు) కాగానే ఎవరూ పడుకోరు కాబట్టి నిమిషాల లెక్కను పట్టుకు వేలాడనక్కరలేదు. రాత్రిని తెగ్గోసి కాక, పంచి వాడుకోవడం ఇక్కడి పద్ధతి. నిద్ర ముందు, ఆరాధన తర్వాత, తెల్లవారకముందు మళ్ళీ కాస్త నిద్ర.

తరావీహ్ చరిత్రలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. మదీనా మసీదులో విడివిడిగా నమాజు చేసుకుంటున్నవారిని ఖలీఫా హజ్రత్ ఉమర్ (ర: అల్లాహ్ ఆయన పట్ల ప్రసన్నుడగుగాక) ప్రవక్త సహచరుడు ఉబై ఇబ్న్ కఅబ్ (ర) వెనుక ఒకే జమాత్‌గా (సామూహిక నమాజుగా) నిలబెట్టారు. ఆ దృశ్యం చూసి మెచ్చుకుంటూనే ఆయన అన్న మాట బుఖారీలో ఉంది: వీరు ఇప్పుడు నిలబడి చేస్తున్న దానికన్నా, నిద్రలో వదిలేస్తున్న వేళ శ్రేష్ఠమైనది. రాత్రి చివరి భాగాన్ని ఉద్దేశించి ఆయన అలా అన్నారు. మరో సహచరుడు సల్మాన్ (ర) తన మిత్రుడు అబూ దర్దా (ర) ఇంట అతిథిగా ఉన్నప్పుడు, రాత్రి మొదట్లోనే నమాజుకు లేవబోయిన మిత్రుణ్ణి పడుకోమని ఆపి, చివరి జాములో తానే లేపి ఇద్దరూ కలిసి నమాజు చేశారన్న కథనమూ ఉంది. నీ ప్రభువుకూ, నీ ఒంటికీ, నీ ఇంటివారికీ నీపై హక్కులున్నాయని సల్మాన్ చెప్పిన మాటను ప్రవక్త (స) సమర్థించారు. మసీదులో రెండు స్తంభాల నడుమ కట్టిన తాడును చూసి అదేమిటని ప్రవక్త (స) అడిగితే, అలసిపోయినప్పుడు పట్టుకోవడానికి ఆయన భార్య జైనబ్ (ర) కట్టుకున్నదని చెప్పారట. దాన్ని విప్పించి, ఉత్సాహం ఉన్నంతసేపే నమాజు చేయాలనీ అలసిపోతే ఆగాలనీ ఆయన చెప్పారు. నమాజులో మగత కమ్మితే నిద్ర తీరేదాకా పడుకోవాలని, లేకపోతే క్షమాపణ కోరబోయి తనను తానే శపించుకోవచ్చని ఇంకో హదీసు. నిద్రలేమి మాటనూ మనసునూ ఎలా తప్పుదారి పట్టిస్తుందో ఇంత క్లుప్తంగా చెప్పిన మాట వైద్య గ్రంథాల్లోనూ అరుదు.

దీనికి విరుద్ధంగా పగలంతా పడుకోవడానికి ఆసరాగా వాడే మాట ఒకటుంది: ఉపవాసి నిద్ర కూడా ఆరాధనే అన్నది. దాన్ని హదీసుగా చెప్పుకుంటారు గానీ, హదీసు విమర్శకులు ఆ కథనాన్ని బలహీనమైనదిగా తేల్చారు. రాత్రి ఆరాధనకు బలం కూడగట్టుకోవాలన్న సంకల్పంతో పడుకోవడం వేరు, రాత్రంతా బజార్లో తిరిగి అసర్ (సాయంకాలపు నమాజు) వరకు ముసుగు తన్నడం వేరు.

బజారు ప్రస్తావన వచ్చింది కాబట్టి దాని వాటా చెప్పుకోవాలి. చార్మినార్, పత్తర్‌గట్టి, టోలీచౌకీ వీధులు రంజాన్ రాత్రుల్లో వెలిగిపోవడాన్ని తప్పుబట్టడం నా ఉద్దేశం కాదు. ఏడాదంతా ఎదురుచూసే సందడి అది, వేలమందికి బతుకుతెరువు కూడా. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీమ్ తినాలనుకుంటే ఇఫ్తార్ వేళకే తినవచ్చు. పదకొండు గంటలకు తింటే అందులోని మాంసం, నెయ్యి అరిగేలోపే పడుకోవాలి. పొట్టలోంచి పైకి ఎగదన్నే మంట నిద్రను పలుమార్లు తుంచుతుంది. దాని మీద ఇరానీ చాయ్ ఒకటి. టీలోని కెఫీన్ అడినోసిన్ కూర్చోవలసిన చోటును ఆక్రమించి నిద్ర ఒత్తిడిని మెదడుకు తెలియనివ్వదు, అందులో సగం ఒంట్లోంచి పోవడానికే పెద్దల్లో సగటున అయిదు గంటలు పడుతుంది. రాత్రి పదకొండుకు తాగిన చాయ్‌లో సగం సహరీ అలారం మోగే వేళకూ రక్తంలోనే ఉంటుంది. బజారుకు వెళ్ళాలనుకుంటే వారానికి ఒక రాత్రి, మరునాడు సెలవున్న రాత్రి, ముందే నిర్ణయించుకోవడం మేలు. రోజూ కొంచెం కొంచెంగా పోయే నిద్ర కంటే ఒక్క రాత్రి లోటు తీర్చుకోవడం సులువు.

చాయ్ గురించే ఇంకొకటి. మొదటి రెండు మూడు రోజాల్లో (ఉపవాసాల్లో) మధ్యాహ్నం తర్వాత కణతలు పగిలే నొప్పి వస్తే అది చాలామందిలో ఉపవాసపు నొప్పి కాదు, అలవాటైన కెఫీన్ అందకపోవడం వల్ల వచ్చేది. చివరి కప్పు తర్వాత పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో మొదలై కొద్ది రోజుల్లో దానంతట అది తగ్గుతుంది. రంజాన్‌కు ముందు నెల అయిన షాబాన్ చివరి వారంలో రోజుకు ఒక కప్పు చొప్పున తగ్గించుకుంటూ వచ్చినవారికి ఈ బెడద ఉండదు. ఆ వారంలోనే పడుకునే వేళను రోజుకు పదిహేను నిమిషాల చొప్పున ముందుకు జరుపుకుంటే గడియారమూ సిద్ధమవుతుంది. శరీర గడియారం ఒక్క రాత్రిలో రెండు గంటలు దూకమంటే దూకదు.

పగటి శక్తి సంగతికి వద్దాం. సహరీ తిన్న నాలుగైదు గంటల వరకు ఆ భోజనమే రక్తంలో చక్కెరను నిలబెడుతుంది. ఆ తర్వాత కాలేయంలో నిల్వ ఉన్న సుమారు వంద గ్రాముల గ్లైకోజెన్ కరుగుతూ మెదడుకు గ్లూకోజును అందిస్తుంది. అసర్ దాటేసరికి కొవ్వు నుంచి వచ్చే ఇంధనం వాటా పెరుగుతుంది. ఆరోగ్యవంతుడి ఒంట్లో ఈ మార్పులు ఇబ్బంది లేకుండానే సాగిపోతాయి. కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు గంటల మధ్య కమ్మే మగతకు తిండి లేకపోవడం ఒక్కటే కారణం కాదు. భోజనం చేసినా చేయకపోయినా శరీర గడియారం ఆ వేళ కాస్త మందగిస్తుంది. ఖైలూలా అని పిలిచే మధ్యాహ్నపు కునుకు సరిగ్గా అక్కడ పడుతుంది. జుహర్ తర్వాత ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. అంతకు మించితే గాఢనిద్రలోకి జారి, లేచాక అరగంట పాటు తల మొద్దుబారినట్టు ఉంటుంది, రాత్రి నిద్రకు కావలసిన ఒత్తిడీ తగ్గిపోతుంది. ఆఫీసులో కుర్చీలోనే కళ్ళు మూసుకున్నా ఆ ఇరవై నిమిషాలు పనికొస్తాయి.

ఈ ఎత్తుపల్లాలు తెలిస్తే ఏ ఆరాధన ఏ వేళకన్నది కూడా తేలికవుతుంది. అర్థం తెలుసుకుంటూ, తఫ్సీర్ (వ్యాఖ్యానం) చూసుకుంటూ చదివే పఠనానికి, కంఠస్థం చేయడానికి మెదడు పదునుగా ఉండాలి; దానికి ఫజర్ తర్వాతి గంటో ఉదయం పది, పదకొండు గంటల ప్రాంతమో తగినది. రోజుకో పారా (ఖురాన్‌లో ముప్పయ్యో వంతు) పూర్తి చేయాలన్న లక్ష్యం ఉన్నవారు దాన్ని అయిదు నమాజుల వెంట అయిదు ముక్కలుగా పంచుకుంటే ఒక్కసారి కూర్చొని కునికే అవసరం రాదు. అసర్ తర్వాత ఒళ్ళు సడలిన గంటలో నోటికి అలవాటైన జిక్ర్ (దైవస్మరణ), దుఆ (వేడుకోలు) తేలికగా సాగుతాయి. ఇఫ్తార్‌కు ముందు చేసే దుఆకు సంప్రదాయంలో ప్రత్యేక స్థానం కూడా ఉంది. ఆ గంటలోనే ఇంటికి చేరాలన్న తొందరలో నగర రోడ్లమీద బండ్లు దూసుకుపోతుంటాయి. నిద్ర చాలని మెదడు కళ్ళు తెరిచి ఉండగానే రెండు మూడు సెకన్లు నిద్రలోకి జారుకోగలదు కాబట్టి, దారిలో ఖర్జూరంతో రోజా విరమించి నెమ్మదిగా ఇల్లు చేరడం తెలివైన పని.

తిండి విషయంలో ఈ వ్యాసానికి అవసరమైనంత మేరకే చెబుతాను. సహరీని ఆలస్యంగా చేయడమే సున్నత్ (ప్రవక్త ఆచరించిన పద్ధతి). ప్రవక్త (స)తో కలిసి సహరీ చేశాక నమాజుకు మధ్య వ్యవధి యాభై ఆయత్‌లు చదివేంత అని ఆయన సహచరుడు జైద్ ఇబ్న్ సాబిత్ (ర) చెప్పారు. నిద్ర దృష్ట్యా దీనికి పెద్ద విలువ ఉంది. నాలుగున్నరకు తినేవాడికి రాత్రి నిద్ర ఒకే ముక్కగా దక్కుతుంది. అర్ధరాత్రి తర్వాతే తినేసి పడుకుందామనుకునేవాడికి నిద్రా ఆలస్యమే, ఉపవాసమూ మూడు నాలుగు గంటలు పొడవే. హైదరాబాదీ ఇళ్ళలో సహరీకి చేసే ఖిచిడీ, ఖీమా, ఖట్టా (పుల్లటి చారు) కలయికలో పప్పు, మాంసం, బియ్యం మూడూ ఉన్నందువల్ల మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. పాలల్లో నానేసిన, సన్నని సేమ్యా లాంటి ఫేనీ ఒక్కటే తిని లేస్తే పదింటికే నీరసం. పెరుగన్నంలో ఆవకాయ ఎంత రుచిగా ఉన్నా ఆ ఉప్పు మధ్యాహ్నం దాహంగా తిరిగి వస్తుంది. నీళ్ళ విషయంలో సహరీ చివరి నిమిషంలో లీటరు తాగడం వృథా, మూత్రపిండాలు రెండు మూడు గంటల్లో ఎక్కువైనదాన్ని బయటికి పంపేస్తాయి. ఇఫ్తార్ నుంచి తరావీహ్ వరకు కొద్దికొద్దిగా తాగితే అటు దాహమూ తీరుతుంది, ఇటు పడుకున్నాక నిద్ర మధ్యలో లేవవలసిన పనీ తప్పుతుంది. ఇఫ్తార్‌లో ఖర్జూరం, నీళ్ళు, కొన్ని పండ్లు, ఉడికించిన శనగలతో ఆపి, మగ్రిబ్ తర్వాత అసలు భోజనం మితంగా చేసినవారు తరావీహ్‌లో తేలికగా నిలబడతారు. మిర్చి బజ్జీలతో కడుపు నింపుకున్నవారికి రెండో రకాతుకే ఆవలింతలు.

ఇంతవరకు చెప్పిన లెక్కలన్నీ వండి పెట్టేవారు వేరే ఉన్నారన్న ఊహ మీద నడిచినవని ఈపాటికి ఇల్లాళ్ళు గమనించే ఉంటారు. ఇంట్లో అందరూ నాలుగింపావుకు లేస్తే పొయ్యి ముట్టించే మనిషి మూడున్నరకే లేస్తుంది. మిగతావారు అసర్ తర్వాత జిక్ర్ చేసుకునే వేళ ఆమె సమోసాలు వేయిస్తూ ఉంటుంది, మగ్రిబ్ తర్వాత గిన్నెలు, ఇషా తర్వాత మరునాటి సహరీ కోసం పప్పు నానబెట్టడం. పిల్లలు బడికి వెళ్ళవలసి ఉంటే ఫజర్ తర్వాతి కునుకు కూడా ఉండదు. రంజాన్‌లో ఒక ఇంటి మొత్తం నిద్ర లోటులో పెద్ద వాటా ఆమె ఒక్కదాని మీద పడుతుంది. ఏకాగ్రత గురించి మగవారికి మాత్రమే పనికొచ్చే సలహాలు రాసి ఊరుకోవడం నిజాయితీ కాదు. సహరీకి కావలసినది రాత్రి తరావీహ్‌కు ముందే వండి పెట్టుకొని తెల్లవారుజామున వేడి చేసుకోవడం, ఇఫ్తార్‌లో వేపుళ్ళను వారానికి రెండు రోజులకు పరిమితం చేయడం, సహరీ గిన్నెలు కడిగే పని ఇంట్లో మగవారు తీసుకోవడం, మధ్యాహ్నం ఒక గంట ఆమెను ఎవరూ పిలవకపోవడం వంటివి చిన్న ఏర్పాట్లే గానీ, ఆమెకు రోజుకు గంటన్నర తెచ్చిపెట్టగలవు. ప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో ఉండేవారని, నమాజు వేళ కాగానే వెళ్ళేవారని ఆయన భార్య హజ్రత్ ఆయిషా (ర) చెప్పిన హదీసు అందరికీ తెలిసినదే.

కొలువుల సంగతి అందరికీ ఒకలా ఉండదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రంజాన్ నెలలో ముస్లిం ప్రభుత్వ ఉద్యోగులు గంట ముందుగా ఇంటికి వెళ్ళడానికి అనుమతినిస్తూ వస్తున్నారు. ఆ గంటను ఇఫ్తార్ కొనుగోళ్ళకు కాక ఇరవై నిమిషాల విశ్రాంతికీ పఠనానికీ వాడుకోవచ్చు. గల్ఫ్‌లో చట్టమే పనిగంటలను తగ్గిస్తుంది: సౌదీలో ముస్లిం కార్మికులకు రోజుకు ఆరు గంటలు, ఎమిరేట్స్‌లో మామూలు పనివేళల్లోంచి రెండు గంటల తగ్గింపు. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి వెళ్ళి అక్కడ పనిచేస్తున్నవారికి ఆ వెసులుబాటు పెద్ద ఊరట. ఆటో నడిపేవారికీ తాపీ పని చేసేవారికీ ఎవరూ గంటలు తగ్గించరు. పదిన్నరకు పడక అన్న నియమం అందరికన్నా వారికే ఎక్కువ అవసరం. రాత్రి షిఫ్టుల్లో పనిచేసే ఐటీ ఉద్యోగులకు ఈ లెక్కంతా తిరగబడుతుంది: సహరీ, ఫజర్ ముగించుకొని, గది చీకటి చేసి, ఏడింటి నుంచి జుహర్ వరకు పడుకొని, అసర్ తర్వాత ఇంకాస్త కునుకు తీయడమే వారికి దారి.

తరావీహ్ ఎంపిక కూడా ఈ కోవలోదే. నగరంలో రోజుకు సవా పారా, అంటే ఒకటింపావు పారా చొప్పున చదివి చివరి పది రోజుల్లో ఖురాన్ పూర్తిచేసే మసీదులు ఎక్కువ. రోజుకు మూడు పారాలు చదివి పది రోజుల్లో పూర్తిచేసే జమాత్‌లు కూడా ఉన్నాయి. ఆ తర్వాత రాత్రులు ఖాళీ దొరుకుతాయన్న ఆశతో వ్యాపారులు వాటిని ఎంచుకుంటారు. అక్కడ నమాజు ముగిసేసరికి పదకొండు దాటుతుంది కాబట్టి, నిద్ర అలవాటు ఇంకా కుదరని మొదటి పది రోజుల్లోనే భారమంతా పడుతుంది. ఎంచుకునేముందు మరునాటి పనిని తలచుకోవాలి.

చివరి పది రాత్రులు వేరే కథ. ఆ రోజుల్లో ప్రవక్త (స) నడుము బిగించి, రాత్రులను జాగరణతో సజీవం చేసి, ఇంటివారిని లేపేవారు. ఏతికాఫ్‌లో (మసీదులోనే ఉండిపోయి చేసే ఆరాధనలో) కూర్చున్నవారికి పగలు పడుకునే వీలుంటుంది, మిగతావారికి ఉండదు. మహిమాన్విత రాత్రి అయిన లైలతుల్ ఖద్ర్‌ను చివరి పది రోజుల్లోని బేసి రాత్రుల్లో వెదకమని ఆదేశం: 21, 23, 25, 27, 29. ఇందులోనే వెసులుబాటు ఉంది. బేసి రాత్రుల్లో తరావీహ్ కాగానే పడుకొని ఒంటిగంటకో రెండింటికో లేచి సహరీ దాకా నిలబడటం, సరి రాత్రుల్లో పూర్తిగా పడుకొని బాకీ తీర్చుకోవడం చాలామందికి సాధ్యమే. ఉన్న సెలవులను మొదటి రోజాకు కాక ఈ పది రోజులకు దాచుకోవాలి. ముజ్జమ్మిల్ సూరా మొదట్లో రాత్రిలో ఎక్కువ భాగం నిలబడమన్న ఆదేశం ఉంటే, అదే సూరా చివరి ఆయత్ మీలో రోగులుంటారు, జీవనోపాధి కోసం భూమిపై తిరిగేవారు ఉంటారు, కాబట్టి సులువైనంత చదవండి అంటుంది. వేయి నెలలకన్నా మేలైన ఆ రాత్రి ఈ పదిలోనే ఉందని తెలిసీ, పాతబస్తీలో బట్టల దుకాణాల ముందు జనం కిక్కిరిసేదీ ఈ పది రాత్రుల్లోనే. పండగ బట్టలు షాబాన్‌లో కొనుక్కుంటే ఏమవుతుందో నాకెప్పుడూ అర్థం కాదు.

మధుమేహం, మూర్ఛ, గుండె జబ్బు ఉన్నవారికి నిద్రవేళల మార్పు మందుల వేళలనూ మారుస్తుంది కాబట్టి షాబాన్‌లోనే వైద్యుణ్ణి కలవాలి. రక్తంలో చక్కెర 70 కన్నా తగ్గినా 300 దాటినా రోజా విరమించాలన్నది వైద్య నిపుణుల మార్గదర్శకం. వేలికొసన సూదిగుచ్చి పరీక్ష చేసుకోవడం వల్ల రోజా చెడదు. రోగికీ ప్రయాణికుడికీ మినహాయింపు ఇచ్చిన బఖరా సూరా ఆయత్‌లోనే, అల్లాహ్ మీకు సౌలభ్యాన్ని కోరుతున్నాడు, కష్టాన్ని కాదు అన్న మాట ఉంది.

చాంద్రమాన సంవత్సరం పది, పదకొండు రోజులు పొట్టి కావడంతో ఈ లెక్క కూడా ఏటా జరుగుతుంది. 2018లో రంజాన్ మే నడుమ మొదలైనప్పుడు హైదరాబాద్‌లో ఉపవాసం పద్నాలుగు గంటలు దాటింది, తరావీహ్ ముగిసేది పదిన్నరకు, సహరీ ముగిసేది నాలుగింపావుకు. ఆ వేసవిలో రాత్రి నిద్ర అయిదు గంటలకు చేరడమే కష్టం, ఖైలూలా లేకుండా నెట్టుకురావడం అసాధ్యం. 2030లో ఒకే ఏడాదిలో రంజాన్ రెండుసార్లు, జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి వస్తుంది. మనకవి పొడవాటి చలి రాత్రులు. అప్పుడు పదింటికి పడుకొని నాలుగింటికి లేస్తే ఆరు గంటల నిద్రా, సహరీకి ముందు తహజ్జుద్‌కు (రాత్రి చివరి జాములో చేసే నమాజుకు) అరగంటా రెండూ దొరుకుతాయి. లండన్‌లోనో టొరంటోలోనో ఉంటున్న తెలుగువారికి డిసెంబరు ఉపవాసం ఇంకా చిన్నది, జూన్‌లోనైతే రాత్రే బాగా కుంచించుకుపోతుంది. అక్కడ నిద్రను రాత్రికీ పగటికీ సగం సగం పంచుకోక తప్పదు.

నెల పొడవునా పడుకునే వేళను నిలబెట్టుకున్నవారికి పండగ తర్వాత ఒక వింత ఎదురవుతుంది. అలారం పెట్టకపోయినా వారం, పది రోజుల వరకు నాలుగింపావుకే మెలకువ వస్తుంది, సహరీ లేదు, ఇల్లంతా నిద్రలో ఉంటుంది. రంజాన్ తర్వాతి నెల షవ్వాల్‌లో ఆరు రోజాలు ఉండాలనుకున్నవారికి అది కలిసివచ్చే వేళ. ఉండలేనివారికి, ఫజర్‌కు ఇంకా గంట ఉంటుంది.